డార్క్‌రూమ్‌లో పెరుగు

ఫోటో స్టూడియో బాబాయికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. అది కరెంటు బిల్లుమీద తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. వీధిలో పాలబుగ్గల పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలివాళ్ళ దాకా అందరికీ ఆయన 'కదలొద్దు బాబాయ్'. పొద్దస్తమానం అంతమందిని కదలొద్దని శాసించేవాడు కాబట్టి ఆ పేరు. శాసించే ముందు మాత్రం ఎదుటి మనిషిని నవ్వించేవాడు. ఆ నవ్వు ఇంకా మొహంమీద ఉండగానే "కదలొద్దు" అని మీట నొక్కేవాడు. నవ్వుకీ మీటకీ మధ్య ఉన్న రెప్పపాటులోనే ఉంది ఆయన విద్య అంతా.

ఆయన భార్యని అదే వీధి 'పెరుగు పిన్ని' అనేది. ఆ పేరు వెనక కథ ఉంది, చెప్తాను.

కింద స్టూడియో, మేడమీద కాపురం. స్టూడియోలో గోడకి ఒక తెర, తెరమీద ఎక్కడికీ వెళ్ళని పాలరాతి మెట్లు, వాటి పైన ఎప్పటికీ అస్తమించని చందమామ. పక్కన అద్దం, దువ్వెన, మూత పోయిన పౌడరు డబ్బా. కొక్కేనికి ఒకే ఒక నల్లకోటు. బక్కపలచని మనిషి వస్తే దాన్ని వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు బాబాయ్. భారీ మనిషి వస్తే చేతులు మాత్రం తొడిగించి, వీపు గాలికి వదిలేసేవాడు. ముందునుంచి చూస్తే ఇద్దరూ పెద్ద ఆఫీసర్లే.

పొట్ట బిగబట్టి నిలబడ్డ పెద్దమనిషిని చూస్తే, "ఊపిరి వదలండి సార్, పొట్టకి వేరే చార్జీ లేదు," అనేవాడు. భార్యాభర్తలు ఎడంగా నిలబడితే, "మధ్యలోకి ఇంకెవరైనా రావాలా? ఆగమంటారా?" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, వాళ్ళతో పాటు తనూ నవ్వేవాడు. ఆయన నవ్వు గొంతులోంచి వచ్చే రకం కాదు, పొట్టలోంచి వచ్చే రకం. ముందు భుజాలు కదిలేవి, తరవాత పొట్ట, ఆ తరవాత ఎప్పటికో శబ్దం బయటికి వచ్చేది. మేడమీద కూరగాయలు తరుగుతూ పిన్ని ఆ శబ్దం వినేది. కింద బేరం కుదిరిందని, మనిషి బాగున్నాడని ఆమెకి అదే కబురు.

ఆ నవ్వు ఆగిపోయి ఏడాది దాటింది. అది మళ్ళీ వస్తుందా రాదా అన్నదే పిన్నికి దిగులు. మిగతావన్నీ, అంటే మందులూ, మెట్లెక్కడానికి పట్టుకునే చేతికర్రా, పెందలాడే మూసే స్టూడియో, ఆమె ఓర్చుకోగలదు.

*

పెరుగు సంగతి పెళ్ళయిన కొత్తలోది. ఆ ఏడు చలి గట్టిగా ఉంది. సాయంత్రం తోడుపెట్టిన పాలు తెల్లారేసరికి పాలుగానే ఉండేవి. పిన్ని గిన్నెకి కంబళి చుట్టింది, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది, ఒకరోజు తిట్టింది, ఒకరోజు బతిమాలింది. పాలు వినలేదు. ఇల్లంతా వెతగ్గా వెచ్చగా, చీకటిగా, ఎవరి చెయ్యీ తగలకుండా ఉండే చోటు ఒక్కటే కనిపించింది. మెట్లకింద డార్క్‌రూమ్. ఫిల్ము కడిగే మందునీళ్ళు చల్లబడితే బొమ్మ సరిగా రాదని బాబాయ్ అక్కడ చిన్న హీటరు పెట్టుకునేవాడు.

"ఫిల్ములు కడిగే గదిలో పాలగిన్నె ఏమిటే? నలుగురూ వింటే నవ్విపోతారు," అన్నాడు బాబాయ్.

"నవ్వనివ్వండి. నవ్వించడమేగా మీ పని," అంది కొత్త పెళ్ళాం.

బాబాయ్ ఓడిపోయాడు కానీ షరతులు పెట్టాడు. మందునీళ్ళ బల్లకి దూరంగా, ఎదుటి గోడకి, తలుపు పక్కనే ఎత్తున ఒక చెక్క కొట్టాడు. గిన్నెకి మూత, మూతమీద గుడ్డ, గుడ్డకి తాడు. లోపల పని నడుస్తోందనడానికి గుర్తుగా తలుపు బయట, పైన పెట్టిన ఎర్రబల్బు వెలుగుతున్నంతసేపూ ఇల్లు తగలబడుతున్నా సరే తలుపు తియ్యకూడదు. పిన్ని అన్నిటికీ తల ఊపింది.

మర్నాడు పెరుగు తోడుకుంది. ఎలా తోడుకుందంటే, గరిటె దించితే ముక్క ముక్కగా లేచింది. కింద స్టూడియో పక్క వాటాలో ఉండే దర్జీ భార్య అది చూసి ఒక చెంచా తోడు పట్టుకెళ్ళింది. ఆమె దగ్గర్నుంచి రొట్టెల కొట్టావిడ, ఆవిడ దగ్గర్నుంచి స్కూలు పంతులుగారిల్లు. ఎవరింట్లో తోడు పోయినా, పిల్లాడు తాగేసినా, అత్తగారు పారబోసినా, గిన్నె పట్టుకుని మెట్లెక్కేవాళ్ళు. అలా ఆమె వీధికంతా పెరుగు పిన్ని అయింది.

ఆ చలికాలమే ఇంకో సంగతి జరిగింది. ఒకరోజు పొద్దున తలుపు పైన ఎర్రబల్బు మాడిపోయింది. మాడిన సంగతి లోపలున్న బాబాయికి తెలీదు, బయట ఉన్న పిన్నికీ తెలీదు. పుట్టింటివాళ్ళు భోజనానికి వస్తున్నారన్న కంగారులో పిన్ని పెరుగు చూద్దామని తలుపు బార్లా తెరిచింది. లోపల బాబాయ్, ఊళ్ళోకెల్లా పెద్ద బట్టల వ్యాపారి ఇంటి పెళ్ళి ఫిల్ము చుట్ట విప్పి, చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెలుతురు తిన్నగా వెళ్ళి దానిమీద పడింది. వధువు, వరుడు, రెండువైపుల చుట్టాలు, విందుభోజనాలు, అన్నీ ఆ ఒక్క క్షణంలో తుడిచిపెట్టుకుపోయాయి.

పిన్నికి ఆకాశం విరిగి నెత్తిమీద పడ్డట్టయింది. తలుపు మూయాలో, పారిపోవాలో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. బాబాయ్ ఫిల్ము వంక చూశాడు. ఆమె వంక చూశాడు. పైన చెక్కమీదున్న గిన్నె వంక చూశాడు.

"పోయిందేదో పోయింది. పెరుగు తోడుకుందా?" అన్నాడు.

పిన్ని ముందు నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చింది, ఏడుస్తూ మళ్ళీ నవ్వింది. ఈ మనిషితో తన బతుకు బాగుంటుందని ఆమెకి తెలిసింది అప్పుడే. పెళ్ళిచూపుల్లో కాదు, పెళ్ళిలో కాదు, మెట్లకింద ఆ ఇరుకు గది గుమ్మంలో.

ఆ తరవాత బాబాయ్ వ్యాపారి ఇంటికి వెళ్ళి నానా చివాట్లూ తిని, వాళ్ళందరినీ పెళ్ళిబట్టలు మళ్ళీ ఇస్త్రీ చేయించి స్టూడియోకి తెచ్చుకున్నాడు. మూతులు ముడుచుకుని నిలబడ్డ వియ్యాలవారితో, "అదే పిల్లని, ఏ గొడవా లేకుండా రెండోసారి చేసుకునే భాగ్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి," అన్నాడు. ముందుగా నవ్వింది పెళ్ళికూతురే. ఆ ఫోటో చాలా ఏళ్ళు స్టూడియో షోకేసులో ఉంది.

అప్పట్నుంచి ఏటా పెళ్ళిరోజు పొద్దున్నే బాబాయ్ పిన్నిని స్టూడియోలో కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫోటో తీసేవాడు. ఆ ఒక్క ఫోటోకి లైట్లు వేసేవాడు కాదు. కిటికీ వెలుతురు చాలేది కాదు కాబట్టి మీట నిదానంగా పడేది. ఆ కాసేపూ మనిషీ కదలకూడదు, కెమెరా కదలకూడదు. కాళ్ళు ఊగే ఆ పాత చెక్క స్టాండుమీద చెయ్యి ఆనించి, కెమెరా వెనకనుంచి గొంతు మాత్రం బయటికి పంపేవాడు.

"పెరుగు తోడుకుందా?"

ఆమె మొహం విప్పారేది. మీట పడేది. నల్లగుడ్డ కప్పుకునే పెద్ద కెమెరా పోయి చిన్న ఫిల్ము కెమెరా వచ్చింది, అదీ పోయి ఫిల్మే అక్కర్లేని కెమెరా వచ్చింది. స్టాండు మారలేదు, ప్రశ్న మారలేదు. గోడమీద ఫోటోలు వరసగా పెరిగాయి. జుట్టు నలుపునుంచి తెలుపుకి నడిచింది కానీ నవ్వు ఎక్కడిదక్కడే ఉంది. ఒక ఫోటో తగిలించగానే దాని పక్కన మరో మేకు కొట్టేసేవాడు బాబాయ్.

"వచ్చే ఏటికి ఇప్పట్నుంచే ఎందుకండీ?" అనేది పిన్ని.

"సీటు రిజర్వు చేస్తున్నా," అనేవాడు.

*

ఫిల్ములు పోయాక డార్క్‌రూమ్‌కి తాళం పడింది. ట్రేలూ, సీసాలూ, తాళ్ళూ అన్నీ లోపలే పడేసి తాళం వేసిన బాబాయ్ మళ్ళీ ఆ గది తలుపు తియ్యలేదు. పిన్ని పెరుగుగిన్నె పాత ఫ్రిజ్ వెనక వెచ్చని మూలకి మారింది. కాలం గడిచింది, కూతురు పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టింది, వీధిలో సెల్‌ఫోన్లు వచ్చి జనం ఎవరి ఫోటోలు వాళ్ళే తీసుకోవడం మొదలుపెట్టారు. అయినా పాస్‌పోర్టు ఫోటోలకీ, పసిపిల్లల మొదటి ఫోటోకీ బాబాయ్ దగ్గరికే వచ్చేవాళ్ళు.

కిందటి చలికాలం బాబాయికి జ్వరం మొదలై, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మందులు వాడితే తగ్గేది, మానితే తిరగబెట్టేది. మళ్ళీ ఇంకా గట్టి మందులు రాసేవాళ్ళు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఎలాగో బయటపడ్డాడు. ఆ హడావుడిలో పెళ్ళిరోజు ఆస్పత్రి మంచంమీదే దాటిపోయింది.

ఇంటికొచ్చిన రోజునే దర్జీ పరామర్శకి వచ్చాడు. "పెరుగు ముట్టనివ్వకు వదినా. కఫం. మా బావమరిది పెరుగు తినే పోయాడు," అన్నాడు. ఆ బావమరిది సైకిలుమీంచి పడి పోయాడని తరవాతెప్పుడో తెలిసింది కానీ, భయపడ్డ మనసుకి ఎవరు చెప్పినా వేదమే. పిన్ని పెరుగు మానిపించింది. ఆయన తినని పెరుగు తను మాత్రం ఎలా తింటుంది? గిన్నె అడుగున మిగిలిన తోడుని ఒకరోజు నీళ్ళు పోసి కడిగేసింది. అన్నేళ్ళ తోడు చెంబుడు నీళ్ళతో తూములోకి పోయింది. కూతురు కొత్త ఫ్రిజ్ కొనిపెట్టింది. దాని వెనక వెచ్చని మూల కూడా లేదు.

ఊపిరి కుదుటపడింది కానీ కడుపు కుదుటపడలేదు. ఏం తిన్నా ఉబ్బరం. ఒకరోజు రాయిలా బిగుసుకుపోయేది, ఒకరోజు పరుగులు పెట్టించేది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని బాబాయ్ ఎవరికీ చెప్పుకోడు. బయటికి వెళ్తే ఎక్కడ అవసరం పడుతుందోనని బయటికి వెళ్ళడం మానేశాడు. నిద్ర లేదు, ఆకలి లేదు. కిటికీ పక్క కుర్చీలో పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. గోడకి పిన్ని ఫోటోకోసం కొట్టిన మేకు ఖాళీగా కనిపిస్తే, దానికి మందుల సంచీ తగిలించాడు. చేతికి అందేలా ఉంటుందట. పిన్నికి ఆ సంచీని చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. మండినా తియ్యలేకపోయేది.

"బాబాయికేం, కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాడు," అన్నాడు దర్జీ ఒకసారి.

"చల్లంటూ ఉంటే కదా కదలడానికి," అని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది పిన్ని.

బేరాలు వస్తూనే ఉన్నాయి. పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదని నిబంధన. ఇదివరకు ఆ నిబంధన పెట్టినవాళ్ళని రోజూ నాలుగు మాటలు అనకుండా ఉండేవాడు కాదు బాబాయ్. ఇప్పుడు అది ఆయనకి సరిపోయింది. వచ్చినవాళ్ళు నవ్వరు, ఆయన నవ్వించడు, కదలొద్దని కూడా అనడు. మీట నొక్కేసి మళ్ళీ కుర్చీలోకి పోతాడు. పిన్ని మేడమీద చెవులు రిక్కించి వింటుంది. మీట చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

ఒకరోజు ఒక తల్లి నెలల బిడ్డని తెచ్చింది. ఆ తల్లికి కూడా నెలల బిడ్డగా మొదటి ఫోటో బాబాయే తీశాడు. ఆయన గిలక ఆడిస్తాడని, పిల్లిలా అరుస్తాడని, ఆ తల్లి మొహంలో ముందే నవ్వు పెట్టుకుని చూస్తోంది. బాబాయ్ వెళ్ళి కెమెరా వెనక నిలబడ్డాడు. గిలక బల్లమీదే ఉంది. బిడ్డ ఆయన్ని చూసింది, పెదవి వంచింది, గుక్కపట్టింది. "ఇంకోరోజు రామ్మా," అన్నాడు బాబాయ్. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం ఆయన గిలకని సొరుగులో పెట్టేయడం పిన్ని మెట్లమీంచి చూసింది. ఆ రోజు ఆమెకి నిజంగా భయం వేసింది.

*

డాక్టరమ్మ ఆ వీధి పిల్లే. ఆమె చిన్నప్పటి ఫోటో ఇప్పటికీ స్టూడియో షోకేసులో ఉంది. నోరు బావిలా తెరిచి ఏడుస్తున్న ఫోటో. తను నవ్వించలేకపోయిన ఒకే ఒక్క మనిషి గుర్తుగా బాబాయ్ దాన్ని అక్కడ పెట్టాడు. "తీసెయ్యి బాబాయ్, రోగులంతా ముందు అది చూసి, తరవాత నా దగ్గరికొస్తున్నారు," అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా తియ్యలేదు.

పిన్ని బలవంతాన తీసుకెళ్తే, ఆమె బాబాయ్ పొట్ట నొక్కి చూసింది, నాలుక చూసింది, రాసిచ్చిన పరీక్షల రిపోర్టులన్నీ వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టింది.

"పెద్ద జబ్బేమీ లేదు బాబాయ్. సరే, ఇది చెప్పు. నువ్వు నవ్వి ఎన్నాళ్ళైంది?"

బాబాయ్ గోడవంక చూశాడు. "నా కడుపు సంగతి అడగవే పిల్లా అంటే నవ్వు సంగతి అడుగుతావేంటి?"

"అదీ కడుపు సంగతే. కడుపుకీ మెదడుకీ మధ్య ఒక నరం ఉంది, రెండు వైపులా కబుర్లు మోస్తూ ఉంటుంది. పైనుంచి కిందికి వచ్చేవాటికంటే కిందనుంచి పైకి వెళ్ళే కబుర్లే ఎక్కువ. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. అరగడానికి సాయం చేస్తాయి, మనసుమీద పనిచేసే రసాయనాల తయారీలో కూడా వాటి చెయ్యి ఉంటుంది. నీ ఊపిరితిత్తుల కోసం వాడిన మందులు చెడ్డవాటితో పాటు మంచివాటినీ ఊడ్చేస్తాయి. ఆ మందులు తప్పని నేను అనను, నిన్ను నిలబెట్టింది అవే. కానీ ఊడ్చిన ఇంట్లో మళ్ళీ కాపురం పెట్టించాలిగా."

"అయితే నా దిగులు నా కడుపులో ఉందంటావు," అన్నాడు బాబాయ్.

"అంతా అక్కడే ఉందని అనను. అంత తేలిగ్గా తేల్చడానికి మాకూ ఇంకా పూర్తిగా తెలీదు. పెరుగు తింటే దిగులు పోతుందని చెప్పేవాడెవడైనా ఉంటే వాణ్ణి నమ్మొద్దు. పెరుగు తిను, కూరలూ పళ్ళూ తిను, రోజూ నాలుగు అడుగులు వెయ్యి, వేళకి పడుకో. కొన్నాళ్ళకి తేడా లేకపోతే మనసు చూసే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు."

పిన్ని అప్పటిదాకా నేల చూస్తూ కూర్చుంది. "పెరుగు నేనే మాన్పించానమ్మా," అంది.

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "పెరుగు పిన్ని ఇంట్లో పెరుగు లేదా? ఆ మాట బయట అనకు, వీధి పరువు పోతుంది," అంది.

పిన్ని నవ్వింది. బాబాయ్ నవ్వలేదు.

*

ఇచ్చే చెయ్యే తప్ప అడిగే చెయ్యి ఎరగని పిన్ని, గిన్నె పట్టుకుని మొదటిసారి మెట్లు దిగింది. దర్జీ భార్య తెల్లబోయింది. "మేమూ ప్యాకెట్టే తెచ్చుకుంటున్నాం అక్కా. మా తోడు పోయినప్పుడు నీ దగ్గరికొద్దామనుకున్నాం. అప్పటికి బావగారు ఆస్పత్రిలో ఉన్నారు," అంది. రొట్టెల కొట్టులోనూ అదే మాట. వీధంతా పంచిన తోడు వీధిలో ఒక్క గిన్నెలో కూడా లేదు.

పిన్ని బిక్కమొహంతో డాక్టరమ్మకి ఫోన్ చేసింది. "కొట్లో పెరుగు తెచ్చి తోడుపెట్టు పిన్నీ. సూక్ష్మజీవులు బతికే ఉన్నాయని రాసి ఉందో లేదో చూసుకో, చాలు. వాటికి వంశమూ ప్రతిష్ఠా ఉండవు," అంది ఆ పిల్ల. పిన్నికి అది నచ్చలేదు కానీ, ప్యాకెట్టు తెచ్చింది.

మళ్ళీ చలికాలం వచ్చేసింది. మొదటి రోజు పాలు పాలుగానే ఉన్నాయి. రెండో రోజూ అంతే. కంబళి, పొయ్యి, తిట్లు, బతిమాలడం, అన్నీ వరసగా అయ్యాయి. మూడో రోజు పిన్ని చీపురు పట్టుకుని మెట్లకింద నిలబడింది.

"తాళంచెవి ఇవ్వండి."

"ఆ గది జోలికి వెళ్ళకు," అన్నాడు బాబాయ్ కుర్చీలోంచి.

"అందులో ఏముందని? దయ్యాలా?"

"ఏమీ లేదు. అందుకే వద్దంటున్నా."

తాళంచెవి ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు, మర్యాదకి అడిగిందంతే. తలుపు తీసి లోపలికి వెళ్ళింది. దుమ్ము, సాలెగూళ్ళు, పాత మందువాసన. పై చెక్క అందుకోబోతే కింద పేర్చిన ట్రేలన్నీ కూలి పెద్ద చప్పుడయింది. కుర్చీలోంచి లేవని మనిషి చేతికర్ర కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"తగిలిందా?"

"నాకు కాదు, మీ ట్రేలకి."

బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తాడుకి ఇంకా బట్టల క్లిప్పులు వేలాడుతున్నాయి. వాటిల్లో ఒకదానికి ఎండి చుట్టుకుపోయిన ఒక బొమ్మ, ఎవరిదో పిల్లాడిది, పళ్ళు లేని నవ్వుతో. ఆయన దాన్ని తీసి వేళ్ళతో సాపు చేశాడు. చాలాసేపు చూశాడు. పిన్ని ఒక తడిగుడ్డ ఆయన చేతికిచ్చి, తను చీపురు అందుకుంది.

ఇద్దరూ కలిసి ఆ గదిని కడిగారు. ఎండిపోయిన మందుసీసాలు, ట్రేలు అన్నీ బయటికి వెళ్ళాయి. గోడలు, నేల, పై చెక్క సబ్బునీళ్ళతో మళ్ళీ మళ్ళీ తోమించింది పిన్ని. బాబాయ్ ఆయాసపడుతూ మధ్యమధ్య కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మర్నాడు హీటరు విప్పి, తీగలు మార్చి బాగు చేసుకున్నాడు. తలుపు పైన ఎర్రబల్బు కూడా కొత్తది బిగించాడు. "అదెందుకండీ ఇప్పుడు?" అంటే, "పెరుగు తోడుకునేటప్పుడు ఎవరూ తలుపు తియ్యకుండా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మొహంలో నవ్వు లేదు. గొంతులో మాత్రం ఏదో ఉందని పిన్నికి అనిపించింది. అనిపించింది నిజమో, తన ఆశో ఆమెకి తెలీదు.

పెరుగు తోడుకుంది. మొదట రెండు చెంచాలు, తరవాత చిన్న గిన్నెడు. మొదటి వారం కడుపులో గుడగుడలు. "నీ సూక్ష్మజీవులు వాటాలకోసం కొట్టుకుంటున్నాయి," అన్నాడు డాక్టరమ్మతో. తరవాత్తరవాత ఉబ్బరం తగ్గింది. రొట్టెల కొట్టుదాకా నడిచాడు, ఇంకో రోజు ఇంకో మలుపుదాకా నడిచాడు. ఒకరోజు పిన్ని వడ్డించకముందే "ఇంకా అవలేదా?" అని అడిగాడు. ఆ ఆకలి మాటకి పిన్ని వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

అన్ని రోజులూ అలా లేవు. కొన్ని రోజులు మళ్ళీ కుర్చీలోకి జారిపోయేవాడు, పలకరిస్తే పలికేవాడు కాదు. అలాంటి రోజున పిన్ని కూడా మాట్లాడకుండా పక్కన కూర్చుని కూరగాయలు తరిగేది. దిగులు పోతోందో, దారి మార్చుకుంటోందో అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం కిందనుంచి గొంతు వినిపించింది. ఎవరో కుర్రవాడు పాస్‌పోర్టు ఫోటోకి వచ్చాడు. "నవ్వకు బాబూ, నవ్వితే వాళ్ళు రానివ్వరు. మరీ ఏడవకు, ఏడిస్తే వీళ్ళు పోనివ్వరు," అంటున్నాడు బాబాయ్. కుర్రవాడు పగలబడి నవ్వాడు. ఫోటో పాడైంది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పాడైంది. పిన్ని కత్తిపీట పక్కకి పెట్టి మెట్లమీద కూర్చుండిపోయింది. కుర్రవాడి నవ్వు వింది. దాని వెనక రావాల్సిన ఇంకో నవ్వుకోసం చెవి ఒగ్గింది. అది రాలేదు.

*

పెళ్ళిరోజు వచ్చింది. పిన్ని ముందురోజంతా తర్జనభర్జన పడింది. అడిగితే కాదంటాడేమో. అడగకపోతే మర్చిపోతాడేమో. మర్చిపోవడమే నయం, కాదంటే తను తట్టుకోలేదు. పొద్దున్నే లేచి తల దువ్వుకుంది, దాచుకున్న బట్టలు కట్టుకుంది. కిందికి దిగి, మేకుకున్న మందుల సంచీ తీసి బీరువాలో పెట్టింది. వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అంతకన్నా అడగడం ఆమెకి చేతకాలేదు.

బాబాయ్ మెట్లు దిగి వచ్చాడు. ఆమెని చూశాడు. ఖాళీ మేకుని చూశాడు. మూలనుంచి పాత స్టాండు లాక్కొచ్చి, కెమెరా బిగించాడు. లైట్ల జోలికి వెళ్ళలేదు. కిటికీ రెక్క కొంచెం దగ్గరికి వేసి, వెనక్కి వెళ్ళి వంగాడు. కెమెరా మీదుగా ఆయన బట్టతల ఒక్కటే కనిపిస్తోంది. చెయ్యి స్టాండుమీద ఆనింది.

పిన్ని ఎదురుచూసింది.

మాట రాలేదు. వీధిలో ఏదో బండి వెళ్ళిపోయింది. రొట్టెల కొట్టు షట్టరు లేచిన చప్పుడయింది. బట్టతల కదల్లేదు. ఆయన మర్చిపోలేదని, ఆ మాట ఆయన గొంతుదాకా వచ్చి ఆగిపోయిందని పిన్నికి తెలుస్తోంది. ఇన్నేళ్ళూ ఆమెని నవ్వించడానికి వేసిన ప్రశ్న అది. అడిగాక ఆమె నవ్వకపోతే? నవ్వినా, తనకి నవ్వు రాకపోతే? కెమెరా వెనక ఆయన భయపడుతున్నాడు. ఊరందరినీ నవ్వించిన మనిషి ఒక్క మాటకి భయపడుతుంటే ఆమె చూస్తూ ఊరుకోలేకపోయింది.

"తోడుకుంది లెండి," అంది పిన్ని.

ముందు బాబాయ్ భుజాలు కదిలాయి. స్టాండు కాళ్ళు నేలమీద టకటకలాడాయి. ఆ తరవాత పొట్ట. చివరికి ఎక్కడో అడుగునుంచి, తుప్పుపట్టిన పంపులోంచి నీళ్ళు వచ్చినట్టు, ముందు గురగురలాడి, ఆగి, ఒక్కసారిగా వచ్చింది శబ్దం. నవ్వుతూనే మీట నొక్కేశాడు. నవ్వుతూనే కెమెరామీద తల వాల్చేశాడు. పిన్ని కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆయన వీపుమీద చెయ్యి వేసింది. వీపు ఇంకా ఊగుతూనే ఉంది. అందులో నవ్వెంతో ఏడుపెంతో ఆమె విడదీసి చూడలేదు.

"కదిలావు," అన్నాడు ఆయన ఊపిరి తీసుకుంటూ.

"నేను కాదు. మీరు."

ఫోటోలో ఏదీ సరిగా లేదు. కిటికీ రెండుగా ఉంది, కుర్చీ మూడుగా ఉంది, పిన్ని మొహం చెదిరిన వెలుతురులా ఉంది. ఇంకోటి తీస్తానని బాబాయ్ పట్టుబట్టాడు. పిన్ని వినలేదు. అదే పెద్దది చేయించి, చట్రం కట్టించి, ఆ మేకుకే తగిలించింది.

తరవాత ఒకరోజు డాక్టరమ్మ వచ్చి, గిన్నెలోకి తోడు వేయించుకుంటూ గోడవంక చూసింది. వరసలో అన్నీ చక్కగా నవ్వుతున్న ఫోటోలు, చివర ఈ చెదిరిపోయినది.

"ఇదేంటి పిన్నీ, నీ ఫోటో ఇలా వచ్చింది?"

"అది నాది కాదమ్మా," అంది పిన్ని గిన్నెకి మూత పెడుతూ. "అది మీ బాబాయ్ ఫోటో. ఇన్నేళ్ళకి ఆయనది అదొక్కటే వచ్చింది."

దాని పక్కన అప్పటికే ఇంకో మేకు కొట్టి ఉంది.